పాదాలు పట్టని కాగితాలు

లైఫ్ స్టడీ అంటే ఎదురుగా నిలబడ్డ మోడల్‌ని చూసి గీసే సాధన. ఆ రోజుల కాగితాల కట్ట ఎవరిదైనా సరే, ఎన్నేళ్ల తర్వాత విప్పినా, పైనుండే బొమ్మ ఒకటే. పేద్ద తల. కనురెప్పల వెంట్రుకలతో సహా ఓపిగ్గా గీసిన ముఖం. మెడ దిగాక కాస్త తొందర, నడుము దగ్గర కంగారు, మోకాళ్ల దగ్గరికొచ్చేసరికి కాగితం అయిపోయింది. పాదాలు లేవు. కొందరివి ఇంకా చిత్రంగా ఉంటాయి. చోటు చాలదని ఆలస్యంగా తెలిసి, మిగిలిన రెండంగుళాల్లో కాళ్లు కుదించి ఇరికించేస్తారు. నిలువెత్తు మనిషి మోకాలి లోతు బురదలో దిగబడ్డట్టు ఉంటాడు.

కాగితం న్యూస్‌ప్రింట్. 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు ఉండే ప్యాడ్. చెక్కగుజ్జులో ఉండిపోయిన లిగ్నిన్ అనే పదార్థానికి గాలీ వెలుతురూ తగిలి పచ్చబడిపోతుంది, అంచులు ఎండుటాకులా విరుగుతాయి. వేలు పెడితే గీసిన బొగ్గు ఇప్పటికీ అంటుతుంది, నిమిషంలో గీసిన బొమ్మకి బొగ్గు రాలకుండా ఆపే ఫిక్సేటివ్ కొట్టే ఓపిక ఎవరికుంటుంది? అయినా ఆ పని ఆ కాగితం మీద జరగాల్సిందే. ఖరీదైన కాగితం ముందు పెట్టుకుంటే చెయ్యి బిగుసుకుంటుంది, ప్రతి గీతా ఆచితూచి పడుతుంది. న్యూస్‌ప్రింట్ మీద రోజుకి ముప్పై బొమ్మలు పాడుచేసినా మనసు చివుక్కుమనదు. పాడుచేయడానికే అది.

మూలల్లో, మోడల్ ఒక్కో పోజు ఎంతసేపు పట్టిందో పెన్సిల్‌తో రాసుకున్న అంకెలుంటాయి: 30 సె., 1 ని., 5 ని., 20 ని. ఆ అంకెలు చూస్తే చాలు, గది మొత్తం కళ్లముందుకొస్తుంది. మధ్యలో అడుగున్నర ఎత్తు చెక్క స్టాండు. దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో బోర్డు నిలబెట్టే ఈజిల్స్, వాటి ముందు వరసలో గుర్రమెక్కినట్టు అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునే డాంకీ బెంచీలు. పైనుంచి ఒక పక్కకి తిప్పిన ఒకే ఒక్క లైటు. మోడల్‌కి చలి వెయ్యకుండా కాళ్ల దగ్గర చిన్న హీటర్. గోడకి ఆనించిన ప్లాస్టర్ బొమ్మలు, మూల ఇనుప కడ్డీకి వేలాడే అస్థిపంజరం. టైమర్ మోగగానే ఒకేసారి ఇరవై కాగితాలు తిప్పిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం, బొగ్గు గీసుకునే చప్పుడు ఒక్కటే.

మొదటి అరగంట పొట్టి పోజులు. 30 సెకన్లవి పది, నిమిషంవి పది, రెండు నిమిషాలవి అయిదు. కొత్తవాళ్లు ఈ అరగంటని వేడెక్కడానికి చేసే కసరత్తు అనుకుని తేలిగ్గా తీసుకునేవాళ్లు. నిజానికి రోజు మొత్తంలో కష్టమైన పని ఇదే. కంటి దగ్గర మొదలుపెట్టినవాడికి 30 సెకన్లు అయ్యేసరికి ఒక కనుబొమ్మ మిగులుతుంది. ఆ వ్యవధిలో పట్టాల్సింది ఒక్కటే, బరువు ఎటు దిగుతోందన్నది. గొంతు గుంట నుంచి మొండెం వంపు మీదుగా, బరువు మోస్తున్న కాలి మడమ దాకా ఒక్క ఊపులో పోయే గీత. దాని మీద భుజాల వాలుకి ఒక అడ్డగీత, తుంటి వాలుకి ఇంకొకటి. తలకి ఉత్త కోడిగుడ్డు ఆకారం. అంతే. అంచుగీత జోలికి పోవద్దు. ఈ మూడు గీతలు సరిగ్గా పడితే ముఖం లేకపోయినా అది ఎవరి నిలుచునే తీరో గుర్తుపట్టొచ్చు.

బొగ్గు పట్టుకునే తీరు వేరే. రాసే పెన్సిల్‌లా మూడు వేళ్లతో ముక్కు దగ్గర పట్టుకుంటే మణికట్టు మాత్రమే తిరుగుతుంది, గీత రెండు మూడంగుళాలకి మించి సాగదు. ఇంకేముంది, తొడని ఆరు ముక్కల గీతలతో అతికించాల్సొస్తుంది. విల్లో చెట్టు పుల్లని కాల్చి చేసిన రెండంగుళాల విల్లో చార్‌కోల్ ముక్కని అరచేయి కిందికి పెట్టి, బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య అడ్డంగా పట్టుకోవాలి. అప్పుడు గీత భుజం నుంచి వస్తుంది. మొదటి వారం జబ్బ లాగేస్తుంది. విల్లో బొగ్గుకి ఇంకో గుణం, గుడ్డతో విదిలిస్తే ముప్పాతిక వంతు లేచిపోతుంది. ఒత్తి చేసిన కంప్రెస్డ్ చార్‌కోల్ అలా కాదు, పడిందంటే పడిందే. మొదటి పది నిమిషాల్లో అది చేతిలోకి తీసుకున్నవాళ్లు తర్వాతి నలభై నిమిషాలూ ఆ నల్లటి తప్పుతోనే కాపురం చేసేవాళ్లు.

బోర్డు నిటారుగా నిలబెట్టమని పోరేది ఊరికే కాదు. బోర్డు వెనక్కి వాలి ఉంటే కాగితం పైభాగం కంటికి దూరమై కుదించుకుపోయినట్టు కనిపిస్తుంది. తెలియకుండానే చెయ్యి దాన్ని సాగదీసి గీస్తుంది. బొమ్మని గోడకి నిలబెట్టి చూస్తే తల ఎదిగిపోయి, కాళ్లు చిన్నవైపోయి ఉంటాయి. పాదాలు పట్టకపోవడానికి ఇది సగం కారణం.

మిగతా సగం కూడిక తీసివేతలదే. నిలబడ్డ ఎదిగిన మనిషి ఎత్తు అతని తల పొడవుకి రమారమి ఏడున్నర రెట్లు. శిల్పాల్లో, వీరుల బొమ్మల్లో ఎనిమిది. అప్పుడే పుట్టిన బిడ్డకి నాలుగే. 24 అంగుళాల కాగితంలో పైనా కిందా అంగుళం వదిలితే మిగిలేది 22 అంగుళాలు. అంటే తల మూడంగుళాలు కూడా రాకూడదు. ముఖం మీద మోజుతో నాలుగున్నర అంగుళాల తల పెట్టినవాడికి ఆ కాగితంలో అయిదు తలలు పట్టి కాస్త మిగులుతుంది. మోకాలుండేది అయిదున్నర దగ్గర. లెక్క అక్కడే తేలిపోయింది.

అందుకని ముందుగా పడాల్సినవి పాదాలే. నడినెత్తికి ఒక గుర్తు, నేల మీద మడమకి ఒక గుర్తు, రెంటికీ నడుమ ఇంకొకటి. ఆ నడుమ గుర్తు చాలామంది అనుకున్నట్టు బొడ్డు దగ్గర ఉండదు, రెండు తొడలూ కలిసే చోట ఉంటుంది. మొండెం పొడుగైపోయి కాళ్లు పొట్టివైపోతున్నాయంటే ఆ గుర్తుని బొడ్డుకి అప్పగించేసి ఉంటారు. చేతులు కిందికి వదిలినప్పుడు మోచేయి నడుము దగ్గరికీ, మణికట్టు ఆ సగం గీత దగ్గరికీ వస్తాయి. అరచేయి వేళ్లతో కలిపి గడ్డం నుంచి జుట్టు మొదలయ్యే చోటు దాకా ముఖమంత ఉంటుంది. పాదం పొడవు ఇంచుమించు ముంజేయంత. ఈ రెండూ ఎవరికి వాళ్లు తమ ఒంటి మీదే కొలిచి చూసుకున్నా నమ్మబుద్ధి కాదు. చేతులూ పాదాలూ అంత పెద్దవని మనసు ఒప్పుకోదు, అందుకే చిన్నవిగా పడతాయి.

పెన్సిల్‌తో కొలవడం అందరికీ నేర్పిస్తారు, మోచేయి ఎందుకు వంచకూడదో మాత్రం చాలామంది చెప్పరు. 15 అడుగుల దూరంలో ఉన్న 9 అంగుళాల తల, కంటికి 24 అంగుళాల ఎడంలో పట్టిన పెన్సిల్ మీద 1.2 అంగుళాలు వస్తుంది. మోచేయి కాస్త వంగి పెన్సిల్ 20 అంగుళాలకి జరిగితే అదే తల 1 అంగుళం. తలని వంగిన చేత్తో కొలిచి, ఒంటిని చాచిన చేత్తో కొలిస్తే ఏడున్నర తలల మనిషి కాస్తా తొమ్మిది తలలవాడైపోతాడు. చెయ్యి పూర్తిగా చాచి మోచేయి బిగించాలి, ప్రతిసారీ అదే కన్ను మూయాలి, నిలుచున్న చోటు మారకూడదు. కాళ్ల దగ్గర నేల మీద సుద్దగీత గీసుకునేవాళ్లని చూసి నవ్వేవాళ్లు. ఆ నవ్వినవాళ్ల బొమ్మల్లోనే భుజం ఒక చోటి నుంచి చూసినట్టు, మోకాలు ఇంకో చోటి నుంచి చూసినట్టు ఉండేది.

దూరం కూడా ముఖ్యమే. నిలువెత్తు బొమ్మకి మోడల్ ఎత్తుకి మూడింతల దూరమన్నా ఉండాలి. అయిదారు అడుగుల దగ్గర డాంకీ బెంచీ మీద కూర్చుంటే మోకాళ్లు ఎదురుగా, గడ్డం కింది నుంచి, పాదాలు పై నుంచి కనిపిస్తాయి. ఒకే చూపులో మనిషి మొత్తం పట్టడు, తల పైకెత్తీ కిందికి దించీ ముక్కలుగా చూడాల్సొస్తుంది. ఆ వరసలో కూర్చున్నవాళ్లు చేతులో, తలో, మొండెమో గీసుకోవడం మేలు.

కొలతలు అంతవరకే పనికొస్తాయి. కూర్చున్న పోజులో, మనవైపు కాళ్లు చాచి పడుకున్న పోజులో ఏడున్నర తలల లెక్క చెల్లదు. అక్కడ తొడ పొడవు తలంత కూడా ఉండకపోవచ్చు. కళ్లు చెప్పేది అదే, చెయ్యి మాత్రం వినదు. తొడ పొడుగ్గా ఉంటుందని దానికి తెలుసు. పాదం ఎదురు నుంచి చూస్తే పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తుంది. గీసిన బొమ్మలో మాత్రం వేళ్లు కిందికి జారి, మునివేళ్ల మీద నాట్యం చేస్తున్నట్టు నిలబడుతుంది. దీనికి విరుగుడు ఒంటిని వదిలేసి, ఒంటి చుట్టూ ఉన్న ఖాళీని గీయడం. నడుం మీద పెట్టిన చేతికీ నడుముకీ మధ్య ఒక త్రికోణం ఉంటుంది. దానికి పేరు లేదు, అది ఎలా ఉండాలో మనకి ముందే తెలియదు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టు గీస్తాం. ఆ త్రికోణం సరిగ్గా వస్తే చెయ్యీ నడుమూ వాటంతటవే వచ్చేస్తాయి.

తలలోనూ ఇదే గొడవ. కళ్లు ఉండేది నడినెత్తికీ గడ్డానికీ సరిగ్గా సగంలో. ఈ మాట వందసార్లు విన్నవాళ్ల బొమ్మల్లోనూ కళ్లు పైకెక్కి, నుదురు తెగిపోయి ఉంటుంది. చూసేవాళ్ల ధ్యాసంతా కళ్లూ ముక్కూ నోటి మీదే, పుర్రె మీద కాదు. పక్క నుంచి గీసేటప్పుడు చెవిని ముఖానికి దగ్గరగా లాక్కొచ్చి వెనక తల కోసేస్తారు. చెవి సగానికి వెనకే ఉంటుంది, కనుబొమ్మకీ ముక్కు అడుగుకీ మధ్యన.

ఇక తూకం దారం. మూరెడు దారానికి ఒక తాళంచెవో నట్టో కట్టి వేలాడదీస్తే అయిపోయింది. అంతకన్నా నమ్మకమైన పనిముట్టు ఆ గదిలో లేదు. మోడల్ బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే, ఎదురు నుంచి చూసినప్పుడు గొంతు గుంట నుంచి వదిలిన దారం ఆ కాలి లోపలి చీలమండ దగ్గరికి దిగుతుంది. రెండు కాళ్ల మీదా సమంగా నిలబడితే పాదాల నడుమకి. ఈ ఒక్కటి తప్పితే ఎంత బాగా షేడింగ్ చేసినా మనిషి పక్కకి పడిపోతున్నట్టే ఉంటాడు. ఒంటికాలి బరువు పోజులో బరువు మోసే వైపు తుంటి పైకి లేస్తుంది, వదులైన కాలి వైపు కిందికి జారుతుంది, ఆ మోకాలు కూడా దిగుతుంది. దానికి ఎదురుగా భుజాలు బరువు వైపే వాలతాయి. అంటే ఒక పక్క నడుం మడత పడుతుంది, రెండో పక్క సాగుతుంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు శిల్పి పాలిక్లిటస్ ఈటెధారి విగ్రహంలో చేసి చూపించింది ఇదే. విద్యార్థి బొమ్మలో మాత్రం భుజాలూ తుంటీ రెండూ బల్లపరుపుగా, మర్యాదగా ఉంటాయి. కాలు మాత్రం వంగి ఉంటుంది. కుర్చీకి ఒక కోడు పొట్టిదైనట్టు.

అనాటమీ క్లాసుకొస్తే, పేర్లు బట్టీ పట్టించేవాళ్లు. 206 ఎముకలు, వెన్నులో మెడకి 7, ఛాతీకి 12, నడుముకి 5. పన్నెండు జతల పక్కటెముకల్లో ఏడు జతలు నేరుగా రొమ్ము ఎముకకి తగిలేవి, మూడు పై దాని మృదులాస్థికి అతుక్కునేవి, రెండు దేనికీ అంటనివి. ఏళ్లు గడిచాక కండరాల పేర్లలో సగం ఎగిరిపోతాయి, అందులో నష్టమేమీ లేదు. చేతిలో మిగిలిపోయేవి చర్మం కిందే ఎముక తగిలే చోట్లు. కండ బిగుస్తుంది, సడలుతుంది, లావు ఎక్కితే కప్పబడిపోతుంది. ఎముక తేలిన చోటు మాత్రం ఎక్కడికీ పోదు. సన్నటి ఒంట్లో అది గుబ్బగా కనిపిస్తుంది, బొద్దుగా ఉన్న ఒంట్లో అదే చోట గుంట పడుతుంది, అంతే తేడా.

ఆ చోట్లు ఇప్పటికీ వరసగా వేళ్ల కొసన ఉంటాయి. గొంతు గుంట, అక్కణ్నుంచి రెండు వైపులా వంకర తిరిగిన విల్లులా పోయే మెడ ఎముకలు, భుజం చివర తట్టే పలక. మెడ వంచితే వెనక లేచే ఏడో వెన్నుపూస. వీపు మీద రెక్క ఎముక లోపలి అంచు. మోచేతి మొన. ముందు వైపు తుంటి ఎముక రెండు మొనలు, వెనక నడుం కింద రెండు గుంటలు. ఆ గుంటలూ పిరుదుల మధ్య గీత మొదలూ కలిపితే వచ్చే త్రికోణం వెనక నుంచి గీసేటప్పుడు తుంటి ఎటు వాలిందో ఠక్కున చెప్పేస్తుంది. తొడ పక్కన గుబ్బ, మోకాటి చిప్ప, దాని కింద బయటి పక్కన చిన్న గుండీలాంటి ఎముక తల, ముంగాలు పొడుగునా చర్మం కిందే ఉండే పలక, రెండు చీలమండలు. 20 నిమిషాల పోజులో మొదటి అయిదు నిమిషాలు ఈ చుక్కలు పెట్టడానికే పోవాలి. జంటగా ఉన్న చుక్కల్ని కలిపి చూస్తే వాలు తప్పయిందా ఒప్పయిందా అప్పుడే తెలిసిపోతుంది. షేడింగ్ అయ్యాక తెలిస్తే ఏం లాభం?

ముంజేతిని ఒక్కసారి దగ్గరగా చూడండి, ఇప్పుడే, మీదే. అరచేయి పైకి తిప్పి బల్ల మీద పెడితే రెండు ఎముకలూ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. మోచేతి మొన దగ్గర రెండో చేతి వేలు పెట్టి, చిటికెన వేలి వైపు అంచు వెంట జరుపుకుంటూ పోతే మణికట్టు గుబ్బ దాకా ఎక్కడా తెగకుండా ఎముక తగులుతుంది. అది అల్నా. ఇప్పుడు అరచేయి కిందికి తిప్పండి. అల్నా దాదాపు ఉన్నచోటే ఉంటుంది. బొటనవేలి వైపు ఉన్న రేడియస్ మాత్రం దాన్ని దాటుకుని ఈ పక్కకి వచ్చేస్తుంది. చెయ్యి తిరగడమంటే ఒక ఎముక ఇంకోదాని మీద కత్తెరలా పడడం. దాంతో పాటు మోచేయి బయటి పక్క నుంచి బొటనవేలి వైపు దిగే కండ కూడా మెలి తిరుగుతుంది. అరచేయి పైకి ఉన్నప్పుడు ముంజేయి మోచేతి దగ్గర వెడల్పుగా, పలకగా ఉంటుంది. కిందికి తిప్పేసరికి గుండ్రమవుతుంది. ఇది తెలియనివాడు ముంజేతిని సోడా సీసాలా రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉబ్బించి గీస్తాడు. అల్నా గీతని ఆధారం చేసుకుంటే ఎంత మెలి తిరిగినా చెయ్యి ఎక్కడుందో దొరికిపోతుంది.

మోచేతి వెనక మూడు గుబ్బలుంటాయి. చెయ్యి చాచినప్పుడు మూడూ ఒకే వరసలో ఉంటాయి. మడిచినప్పుడు నడిమిది కిందికి జారి త్రికోణమవుతుంది. చిన్న విషయమే. వెనక నుంచి గీసే పోజులో చెయ్యి చెయ్యిలా కనిపించాలంటే ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

రెండు పక్కల ఉబ్బులు ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండవన్న సూత్రం కాళ్లలో ఇంకా స్పష్టం. పిక్క బయటి ఉబ్బు పైన, లోపలి ఉబ్బు కింద. చీలమండల్లో అది తిరగబడుతుంది, లోపలిది పైన, బయటిది కింద. తొడలో మోకాటి పైన లోపలి కండ కన్నీటిబొట్టులా కిందికి దిగి ఉంటుంది, బయటిది పైనే ఆగిపోతుంది. ఇలా మార్చి మార్చి పడే ఉబ్బుల వల్లే కాలికి ఆ లయ వస్తుంది. ఎదురెదురుగా పెట్టేస్తే మెట్ల పక్క కటకటాల స్తంభం తయారవుతుంది.

ఎత్తిన చెయ్యి సంగతి వేరు. విద్యార్థి బొమ్మలో భుజం ఉన్నచోటే ఉండి, చెయ్యి ఒక్కటే బొమ్మ చెయ్యిలా పైకి తిరుగుతుంది. అసలు చెయ్యి తల పక్కకి నిలువుగా లేవడానికి తిరిగే 180 డిగ్రీల్లో భుజం కీలు వంతు దాదాపు 120, మిగతా 60 రెక్క ఎముకదే. అది మొండెం ఎముకల గూటికి మెడ ఎముక ద్వారా తప్ప ఇంకెక్కడా కీలుతో అతకదు, కండల మీద తేలుతూ ఉంటుంది. చెయ్యి లేస్తుంటే దాని కింది మొన చంక వైపు ఈడ్చుకుపోతుంది, మెడ ఎముక బయటి కొస పైకి లేస్తుంది, భుజం చెవి దగ్గరికొస్తుంది. 1510, 1511ల నాటి కాగితాల్లో చిత్రకారుడు లియొనార్డో డా విన్సీ భుజాన్ని మనిషి చుట్టూ తిరుగుతూ చూసినట్టు ఒక్కో కోణం నుంచీ వరసగా గీసింది ఈ మాయ అంతు చూడడానికే. కండలన్నీ ఎత్తి చూపిస్తే మనిషి వాల్‌నట్ల సంచీలా కనిపిస్తాడని రాసుకున్నవాడూ ఆయనే. అనాటమీ కొత్తగా నేర్చుకున్న నెలలో ప్రతివాడి కట్టలోనూ ఆ సంచీలు నాలుగైదు ఉంటాయి. పుస్తకంలో చూసిన ప్రతి కండనీ, మోడల్ ఒంట్లో కనిపించినా కనిపించకపోయినా, తీసుకొచ్చి పేర్చేస్తారు.

మూలనున్న అస్థిపంజరాన్ని గీయడంలోనూ ఒక మోసం ఉంది. దాన్ని తలకి కొక్కెం వేసి వేలాడదీస్తారు. కాళ్లు నేలకి ఆనవు, బరువు ఎక్కడా దిగదు. దాన్ని చూసి గీసినవాళ్ల మనిషి కూడా ఉరి తీసినట్టే ఉంటాడు. దాన్ని వాడాల్సిన తీరు వేరే. మోడల్ పోజుని ముందు గీసుకుని, అదే కోణంలో అస్థిపంజరాన్ని తిప్పుకుని, ఎముకలు లోపల ఎలా సర్దుకుంటాయో ఇంకో రంగు పెన్సిల్‌తో పైన వేసుకోవాలి. ఎక్కడ కుదరదో అక్కడ మొదటి బొమ్మ తప్పు. ప్లాస్టర్‌లో చర్మం ఒలిచిన మనిషి ఉండేవాడు, ఒక చెయ్యి ముందుకి చాచి. 1767లో ఫ్రెంచి శిల్పి ఊడాన్ చేసిన బొమ్మకి నకళ్లకి నకళ్లు. అది కదలదు, అలసిపోదు, లైటు మార్చి వారం రోజులు గీసుకోవచ్చు. అంత నిశ్చలంగా ఉండేదాన్ని గీయడం అలవాటైతే ఊపిరి తీసే మనిషిని చూసి చేతులు వణుకుతాయి, అదొక్కటే చిక్కు.

కొలతల పిచ్చి కొత్తదేమీ కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో శరీరశాస్త్రవేత్త ఆల్బినస్ 1747లో అచ్చు వేయించిన అనాటమీ బొమ్మల కోసం చిత్రకారుడు వాండెలార్ అస్థిపంజరం ముందు దారాల గళ్లు కట్టి, దూరంగా నిలబడి ఆ గళ్ల ప్రకారం గీశాడు. అంత కచ్చితమైన పని చేసి, వెనక ఖాళీగా ఉంటే బాగోదనేమో, రెండు బొమ్మల్లో మనిషి వెనక ఖడ్గమృగాన్ని నిలబెట్టాడు. దాన్ని చూశాక ఎముకల వైపు చూపు తిప్పడం కష్టం.

చేతివేళ్లు అందరూ చివరికి వదిలేసేవి. జేబులో దూర్చిన చేతులూ వెనక దాచిన చేతులూ ఎన్ని బొమ్మల్లో ఉంటాయో లెక్కలేదు. చేతిలో 27 ఎముకలు. మణికట్టువి 8, అరచేతివి 5, వేళ్లవి 14. కానీ మొదట వేళ్లు గీయకూడదు. అరచేయి ఒక పలక, నాలుగు వేళ్లూ కలిపి ఒక ముద్ద, బొటనవేలు విడిగా ఇంకో ముద్ద. మెటికలు తిన్నగా ఉండవు, విల్లులా వంపు తిరిగి ఉంటాయి. ఆ వంపే వేలి కొసల దాకా ఇంకా ఎక్కువై సాగుతుంది. వేళ్లు వెనక నుంచి పొడుగ్గా, అరచేతి వైపు నుంచి పొట్టిగా కనిపిస్తాయి, అటు పక్క మెటిక దాటాక కూడా చర్మం కలిసే ఉంటుంది కాబట్టి. బొటనవేలి గోరు మిగతా గోళ్లతో పాటు ఒకే వైపు చూడదు, పక్కకి తిరిగి ఉంటుంది. ఇది పట్టించుకోకపోతే అయిదు వేళ్లూ దువ్వెన పళ్లవుతాయి.

షేడింగ్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. కళ్లు సగం మూసి చూస్తే వెలుగూ నీడా రెండే మిగులుతాయి. ఆ రెంటి సరిహద్దు గీసి నీడనంతా ఒకే రంగులో నింపాక గాని మూడో రంగు జోలికి పోకూడదు. వేలితో పులిమితే చర్మం జిడ్డు అంటి మచ్చ పడుతుంది, తర్వాత రబ్బరుకి కూడా లొంగదు. మెత్తటి తోలుముక్కో పాత నూలుగుడ్డో చాలు. పిసికితే సాగే నీడెడ్ ఎరేజర్ రుద్దడానికి కాదు, అద్దడానికి.

ఇంతమంది చూపుల మధ్య కదలకుండా నిలబడే మనిషి గురించి కట్టలోని కాగితాలు ఏమీ చెప్పవు, జాగ్రత్తగా చూస్తే తప్ప. 20 నిమిషాల పోజులో చివరి అయిదు నిమిషాలకి తల అరంగుళం వాలిపోతుంది, బరువు మోసే తుంటి ఇంకా బయటికి తోసుకొస్తుంది, ఎత్తిన చెయ్యి దిగుతుంది. చెయ్యి పైకెత్తే పోజు అయిదు నిమిషాలకి మించి అడగకూడదు, రక్తం దిగిపోయి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మోకాళ్లు బిగించి నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదముంది, వదులుగా ఉంచమని ముందే చెప్పాలి. ఇరవై నిమిషాలకి అయిదు నిమిషాల విరామం ఇచ్చి తీరాలి. పోజు సరిచేయాలంటే నోటితో చెప్పాలే గాని ఎవరూ దగ్గరికెళ్లి ముట్టుకోకూడదు. విరామం తర్వాత పోజు ముందున్నట్టు ఎప్పుడూ రాదు. అందుకే మొండెం వాలూ తల వాలూ మొదటి విడతలోనే తేల్చుకోవాలి. రెండో విడతలో మోడల్ మారిన ప్రతిసారీ గీతలు మార్చుకుంటూ పోయినవాళ్ల కాగితం మీద ముగ్గురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడి ఉంటారు.

మోడల్ స్టాండు దిగేముందు కాళ్ల చుట్టూ టేపు అంటించేవాళ్లు, మళ్లీ వచ్చి సరిగ్గా అక్కడే నిలబడడానికి. మడమ వెనక ఒక ముక్క, బొటనవేలి ముందు ఒకటి, చిటికెన వేలి పక్కన ఒకటి. ఒక్కో పోజుకి ఒక్కో రంగు. సాయంత్రం లైటు తీసేసి ఈజిల్స్ గోడవైపు జరిపేశాక స్టాండు మీద ఎరుపూ నీలం తెలుపూ ముక్కలు మిగిలేవి. ఆ రోజు గదిలో ఎవరి కాగితం మీదా పట్టని పాదాలు ఆ చెక్క మీద మాత్రం ఉన్న కొలతకి ఉన్నట్టు ఉండేవి.